దారి ఎవరిని అడుగుతున్నాం?

ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వెతికితే ‘డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. క్రోమ్‌లో దాని పేరు ‘యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్’. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని తోబుట్టువు ‘ప్రైవేట్ డీఎన్ఎస్’. హాస్టళ్లలో ఈ స్విచ్‌కి ఉన్న పేరంతా ఒక్క కారణానికే: వైఫైలో బ్లాక్ చేసిన సైట్లు దీంతో ఒక్కోసారి తెరుచుకుంటాయి. సీనియర్ చెప్తాడు, జూనియర్ నొక్కుతాడు, పనైపోతుంది. ఆ నొక్కిన క్షణం నుంచి మనం ఏ సైటుకి వెళ్తున్నామో తెలిసే మనిషి మారిపోయాడన్న సంగతి మాత్రం ఎవరూ మాట్లాడుకోరు.

నేను మాట్లాడాలనుకుంటున్నది దాని గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డీఎన్ఎస్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టడం మంచి పని, నిజానికి చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని. దాన్ని వ్యతిరేకించిన కంపెనీల వాదనల్లో సగం సొంత లాభం కోసం చేసినవే. కానీ మిగతా సగంలో నిజం ఉంది. ఎన్‌క్రిప్షన్ మన నమ్మకాన్ని ఒకరి చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడుతుంది, అంతే. ఆ ఇంకొకరు ఎవరో, ఏ షరతు మీద మన పేర్లు వింటున్నారో అడగకుండా స్విచ్ నొక్కితే సగం పనే చేసినట్టు.

టీకొట్టు దగ్గర అడ్రస్

కొత్త ఊళ్లో బస్సు దిగాం. వెళ్లాల్సిన ఇంటాయన పేరు తెలుసు, ఇల్లెక్కడో తెలీదు. బస్టాండు పక్కన టీకొట్టాయన్ని అడుగుతాం. తెలిస్తే చెప్తాడు, తెలియకపోతే ఇంకొకర్ని కనుక్కుని చెప్తాడు. ఇంటర్నెట్‌లో ఆ టీకొట్టాయనే డీఎన్ఎస్ రిజాల్వర్. మనం టైప్ చేసేది సైటు పేరు, మెషీన్‌కి కావాల్సింది ఐపీ అడ్రస్. ఆ పేరు రిజాల్వర్‌కి వెళ్తుంది. అది ముందు రూట్ సర్వర్‌ని, తర్వాత ‘.కామ్’, ‘.ఇన్’ లాంటివి చూసుకునే సర్వర్‌ని, చివరికి ఆ సైటు సొంత నేమ్ సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చిస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మామూలుగా ఈ రిజాల్వర్ మనకు నెట్ ఇచ్చేవాళ్లదే అయ్యుంటుంది. ఇంట్లో అయితే ఐఎస్పీది, క్యాంపస్‌లో అయితే తరచుగా కాలేజీది.

పాల్ మొకాపెట్రిస్ 1983లో ఈ వ్యవస్థకు రూపం ఇచ్చేనాటికి నెట్‌వర్క్‌లో ఉన్నది ఎక్కువగా యూనివర్సిటీలూ పరిశోధన సంస్థలే. అడ్రస్ అడగడం కూడా రహస్యంగా జరగాల్సిన పని అనుకునే అవసరం అప్పుడు రాలేదు. అందుకే మామూలు డీఎన్ఎస్ ప్రశ్న ఈరోజుకీ పోర్ట్ 53 మీద, ఎక్కువగా యూడీపీ ప్యాకెట్‌లో, ఏ తాళమూ లేకుండా వెళ్తుంది. టీకొట్టాయన్ని రోడ్డు అవతల నుంచి కేకేసి అడిగినట్టన్నమాట. ఆయనకే కాదు, బెంచీ మీద కూర్చున్న వాళ్లందరికీ వినిపిస్తుంది. నమ్మకం లేకపోతే మీ సొంత ల్యాప్‌టాప్ ట్రాఫిక్ మీదే వైర్‌షార్క్ పెట్టి, డీఎన్ఎస్ అని ఫిల్టర్ కొట్టి చూడండి. పాత పద్ధతిలో వెళ్లే ప్రశ్నలైతే సైటు పేర్లు అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తాయి.

ఇందులో ఇంకో సమస్య ఉంది. వినడంతో ఆగకుండా, మధ్యలో ఉన్నవాడు జవాబు కూడా మార్చేయగలడు. ప్రశ్నకు తాళం లేనట్టే జవాబుకీ లేదు. 2014 మార్చిలో టర్కీ ప్రభుత్వం స్థానిక ఎన్నికల ముందు ట్విట్టర్‌ని బ్లాక్ చేసింది. మొదట అక్కడి ఐఎస్పీలు డీఎన్ఎస్ దగ్గరే అడ్డం కొట్టాయి. జనం గూగుల్ రిజాల్వర్ నంబర్ 8.8.8.8ని ఇస్తాంబుల్ గోడల మీద రంగుతో రాశారు, తెలియనివాళ్లకి తెలియాలని. కొద్ది రోజుల్లోనే అక్కడి ఐఎస్పీలు ఆ నంబర్‌కి వెళ్లే దారినే మళ్లించి, గూగుల్ వేషం వేసుకున్న వేరే సర్వర్లతో జవాబులు ఇప్పించాయి. అడిగేవాడికి తేడా తెలిసే మార్గం లేదు. అదే ప్రశ్న టీఎల్ఎస్ లోపల వెళ్లి ఉంటే సర్టిఫికెట్ దగ్గరే వేషం బయటపడేది. జవాబు రాకుండా ఆపగలిగేవాళ్లు గానీ, దొంగ జవాబు ఇవ్వగలిగేవాళ్లు కాదు. కాబట్టి ఈ ఎన్‌క్రిప్షన్ చేసే పని రహస్యం దాచడం ఒక్కటే అనుకోకూడదు. అడిగినవాడే జవాబిచ్చాడన్న భరోసా కూడా దాంతోనే వస్తుంది.

పేరు ఒక్కటే చాలు

‘సైటు పేరు తెలిస్తే ఏమైందిలే, లోపల ఏం చదివామో తెలియదు కదా’ అంటారు. నిజమే, డీఎన్ఎస్ ప్రశ్నలో పేజీ వివరం ఉండదు. కానీ కొన్ని సైట్ల విషయంలో పేరే మొత్తం కథ చెప్పేస్తుంది.

మన దేశంలో మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరులో ‘టెలీ మానస్’ అనే ఉచిత సర్వీసు మొదలైంది. నంబర్ 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు. బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయి, ఇంట్లో చెప్పుకోలేక, రాత్రి రెండింటికి ఒక విద్యార్థి ఆ సైటు తెరిచాడనుకోండి. అందులో ఏ పేజీ చదివాడో ఎవరికీ అక్కర్లేదు. ఆ టైమూ, ఆ పేరూ చాలు. అలాగే ఒక అమ్మాయి గర్భ పరీక్షల గురించి చెప్పే క్లినిక్ సైటు చూసింది. ఒకతను తన లైంగికత గురించి ఎవరితోనూ అనలేక ఒక సహాయ బృందం సైటు చూశాడు. ఇంకొకరు కాలేజీ ఫీజుల మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలో వెతికారు. ఇందులో తప్పు ఒక్కటీ లేదు. ‘నేను తప్పు చేయట్లేదు కాబట్టి నాకు దాచుకునేది లేదు’ అనేవాళ్లు ఈ జాబితా ఒకసారి చూడాలి. దాచుకోవాల్సిన వాటిలో చాలావాటికి తప్పుతో సంబంధమే లేదు.

క్యాంపస్‌లో ఇది ఇంకాస్త పదునెక్కుతుంది. ఇంట్లో ఒక రూటర్ వెనక నలుగురైదుగురు ఉంటారు. ఎవరు ఏం వెతికారో ఐఎస్పీకి విడదీసి చెప్పడం కష్టం. లాగిన్ పేజీలో రోల్ నంబర్ కొట్టి నెట్ వాడే క్యాంపస్‌లో అలా కాదు. లాగ్‌లు జతచేసి చూస్తే ప్రతి లుకప్‌కీ ఒక రోల్ నంబర్ అతికించి ఉన్నట్టే. చూసే ఉద్దేశం ఎవరికైనా ఉందని నేననడం లేదు. చూడాలనుకుంటే చూడగలిగే ఏర్పాటు ఉంది, దాన్ని ఎవరు ఎప్పుడు వాడొచ్చో రాసిన కాగితం చాలాచోట్ల కనిపించదు. నా అభ్యంతరం అంతవరకే.

గొడవ ఎలా మొదలైంది

2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో ప్రభుత్వాల నిఘా ఏ స్థాయిలో ఉందో లోకానికి తెలిసింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2014 మేలో ఆర్‌ఎఫ్‌సీ 7258 అనే పత్రంలో మూకుమ్మడి నిఘాను నెట్‌వర్క్ మీద దాడిగానే లెక్కగట్టాలని తేల్చింది. ఆ తర్వాతి ఏళ్లలో సైట్లు ఒక్కొక్కటే హెచ్‌టీటీపీఎస్‌కి మారాయి. ఉత్తరం కవర్లోకి వెళ్లింది. కవరు మీద అడ్రస్ కనుక్కోవడం మాత్రం ఇంకా కేకేసి అడగడమే.

దానికి రెండు మందులు వచ్చాయి. 2016లో డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్. ఇది పోర్ట్ 853 మీద నడుస్తుంది. ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ వాడింది ఇదే. రెండోది 2018 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 8484గా వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్, పొట్టిగా డీఓహెచ్. ఇది 443 మీద, మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిసిపోయి వెళ్తుంది.

రెండిట్లోనూ తాళం ఒకలాంటిదే. తేడా అంతా పోర్ట్ దగ్గర ఉంది, గొడవంతా అక్కడే పుట్టింది. 853ని నెట్‌వర్క్ అడ్మిన్ ఒక్క రూలుతో మూసేయగలడు. 443ని మూస్తే మొత్తం వెబ్ ఆగిపోతుంది. అంటే మొదటిది అడ్మిన్ కంట పడుతూ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, రెండోది ఆయన కంట పడకుండా చేస్తుంది. డీఎన్ఎస్ ప్రపంచంలో పెద్ద పేరున్న పాల్ విక్సీ లాంటివాళ్లు డీఓహెచ్‌ని గట్టిగా వ్యతిరేకించింది ఇందుకే. నెట్‌వర్క్‌ని కాపాడాల్సినవాడికి దాన్ని చూసే అధికారం ఉండాలన్నది ఆయన పట్టు.

మొజిల్లా 2018లో క్లౌడ్‌ఫ్లేర్‌తో కలిసి ఫైర్‌ఫాక్స్‌లో డీఓహెచ్‌ని పరీక్షించింది. 2020 ఫిబ్రవరి 25 నుంచి అమెరికాలోని ఫైర్‌ఫాక్స్ వాడకందార్లకు దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేయడం మొదలుపెట్టింది. మామూలుగా ప్రశ్నలు వెళ్లేది క్లౌడ్‌ఫ్లేర్‌కి. అక్కణ్నుంచి అసలు రచ్చ.

బ్రిటన్‌లో ఐఎస్పీల సంఘం 2019 జూలైలో మొజిల్లాని ఆ ఏటి ‘ఇంటర్నెట్ విలన్’ పురస్కారానికి నామినేట్ చేసింది. పిల్లల మీద అకృత్యాల సైట్లను అడ్డుకునే ఫిల్టర్లు డీఓహెచ్ వల్ల పనిచేయకుండా పోతాయన్నది ఆరోపణ. జనం తిరగబడేసరికి వారం తిరక్కుండానే ఆ నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. మొజిల్లా కూడా బ్రిటన్‌లో డిఫాల్ట్‌గా పెట్టబోమని చెప్పింది. అదే ఏడు సెప్టెంబరులో అమెరికా కేబుల్, టెలికాం కంపెనీల సంఘాలు ఈ మార్పుని అడ్డుకోమన్నట్టుగా కాంగ్రెస్‌కి ఉత్తరం రాశాయి. డీఎన్ఎస్ అంతా ఒకరిద్దరి చేతుల్లోకి పోతుందని వాళ్ల ఆందోళన.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. అమెరికా ఐఎస్పీలు కస్టమర్ల బ్రౌజింగ్ వివరాలు వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాలని అక్కడి ఎఫ్‌సీసీ 2016లో నిబంధన తెచ్చింది. 2017లో, అది పూర్తిగా అమల్లోకి రాకముందే, కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. ఆ నిబంధనను వ్యతిరేకించినవాటిలో ఈ టెలికాం, కేబుల్ సంఘాలు ముందువరసలో ఉన్నాయి. కస్టమర్ల వివరాలు తమ చేతిలో ఉండాలని కొట్లాడినవాళ్లే రెండేళ్లకి కస్టమర్ల గోప్యత గురించి బెంగపడుతూ ఉత్తరం రాశారన్నమాట. పిల్లి పాలగిన్నెకు కాపలా ఉంటానన్నట్టుంది.

ఎదుటివాళ్ల మాటలో నిజమెంత

అయినా సరే, మాట ఎవరు అన్నారన్నది వదిలేసి మాటని మాటగా చూద్దాం.

మొదటిది ఫిల్టర్ల సంగతి. డీఓహెచ్ వస్తే పిల్లలకి రక్షణ పోతుందన్నది నిలబడే వాదన కాదు. ఫిల్టర్ చేసేది రిజాల్వర్, తాళం వేసేది దారికి. రెండూ కలిసే ఉండొచ్చు. క్లౌడ్‌ఫ్లేర్‌లోనే 1.1.1.3 అని పెద్దల కంటెంట్‌ని, మాల్‌వేర్‌ని అడ్డుకునే సర్వీసు 2020 నుంచి ఉంది. క్వాడ్9 మాల్‌వేర్ సైట్లని ఆపుతుంది. వీటిని డీఓహెచ్ మీదా వాడుకోవచ్చు. ఇంట్లో పిల్లల కోసం ఫిల్టర్ పెట్టుకోవాలనుకునే అమ్మానాన్నలకి ఇందులో పోయేదేం లేదు.

రెండోది సంస్థల భద్రత. ఇందులో నిజం ఉంది. 2019లో బయటపడిన గాడ్‌లువా అనే మాల్‌వేర్ డీఓహెచ్ చాటున తన పని చేసుకుంది. నెట్‌వర్క్‌లో ఏ మెషీన్ ఏ దొంగ డొమైన్‌ని అడుగుతోందో చూసి ఇన్ఫెక్షన్‌ని పట్టుకోవడం అడ్మిన్ల పాత, పనికొచ్చే పద్ధతి. అమెరికా ఎన్ఎస్ఏ 2021 జనవరిలో ఇచ్చిన సలహా కూడా ఇలాగే ఉంది: సంస్థలు ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్ వాడండి, కానీ సంస్థ ఎంచుకున్న రిజాల్వర్‌కే పంపండి, బయటి రిజాల్వర్లని మూసేయండి అని. నిఘా సంస్థ చెప్పింది కదా అని కొట్టిపారేయలేం. ఒక ఆఫీసు నెట్‌వర్క్ వరకు అది సబబే. ఫైర్‌ఫాక్స్ కూడా దీనికి ఒక దారి ఉంచింది. ఒక ప్రత్యేకమైన డొమైన్ పేరుకి నెట్‌వర్క్ ‘అలాంటిది లేదు’ అని జవాబిస్తే, డిఫాల్ట్‌గా ఆన్ అయిన డీఓహెచ్ తనంతట తానే ఆగిపోతుంది. మనం చేత్తో ఆన్ చేసుకుంటే మాత్రం ఆగదు. మనిషి కావాలని చేసిన ఎంపికకి, కంపెనీ పెట్టిన డిఫాల్ట్‌కి మధ్య ఇలా గీత గీయడం నాకు సరైనదే అనిపిస్తుంది.

మూడోది కేంద్రీకరణ. అన్నిట్లోకీ బలమైన వాదన ఇదే. టీకొట్టు కథకే వద్దాం. ఊరి టీకొట్టాయన్ని అడగడం మానేసి, ఎక్కడో నగరంలో ఉన్న ఒకాయనకి ఫోన్ చేసి గుసగుసగా అడ్రస్ అడుగుతున్నాం. బెంచీ మీదివాళ్లకి వినిపించదు, మంచిదే. కానీ వేల ఊళ్లవాళ్లు అదే ఆయనకి ఫోన్ చేస్తున్నారు. ఒక్కో టీకొట్టాయనకి తన ఊరి సంగతే తెలిసేది. ఈయనకి దేశాల సంగతి తెలుస్తుంది. పైగా ఆయన మన ఊరివాడు కాదు. క్లౌడ్‌ఫ్లేర్, గూగుల్ రెండూ అమెరికా కంపెనీలు, అక్కడి చట్టాలకి బద్ధులు.

మొజిల్లా దీన్ని కాంట్రాక్టుతో కట్టడి చేయాలని చూసింది. ఫైర్‌ఫాక్స్ జాబితాలో ఉండాలంటే రిజాల్వర్ నడిపే కంపెనీ వాడకందారుని గుర్తించే వివరాలని 24 గంటలకు మించి ఉంచకూడదు, అమ్మకూడదు. క్లౌడ్‌ఫ్లేర్ తన వాగ్దానాల మీద బయటి ఆడిటర్‌తో తనిఖీ చేయించి 2020లో నివేదిక ప్రచురించింది. మన ఐఎస్పీల్లో ఇలాంటి తనిఖీ చేయించి ప్రచురించినది నా కంట పడలేదు. ఆ మేరకు క్లౌడ్‌ఫ్లేర్‌కి మార్కులు వేయాల్సిందే. కానీ కాంట్రాక్టు రేపు మారొచ్చు, కంపెనీ చేతులు మారొచ్చు. వాగ్దానం మీద నిలబడిన గోప్యత వాగ్దానం ఉన్నంతవరకే.

గూగుల్ వేరే దారి పట్టింది. 2020 మేలో వచ్చిన క్రోమ్ 83 రిజాల్వర్‌ని మార్చదు. మీరు వాడుతున్న రిజాల్వర్‌కి డీఓహెచ్ ఉందని దానికి తెలిస్తే అదే రిజాల్వర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి మాట్లాడుతుంది, లేకపోతే పాత పద్ధతే. గొడవ తక్కువ, నిజమే. కానీ ఐఎస్పీయే మనల్ని గమనిస్తున్నప్పుడు ఆ ఐఎస్పీతో గుసగుసగా మాట్లాడి లాభమేంటి? బెంచీ మీదివాళ్ల నుంచి కాపాడుతుంది, టీకొట్టాయన నుంచి కాపాడదు.

మన దగ్గర లెక్క వేరు

ఈ చర్చంతా అమెరికా, బ్రిటన్ల చుట్టూ నడిచింది. మన దగ్గర పరిస్థితి కొంచెం వేరు.

మన దేశంలో ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం సైట్లని బ్లాక్ చేయమని ఆదేశిస్తుంది. ఆ ప్రక్రియను గోప్యంగా ఉంచాలని 2009 నాటి నిబంధనలే చెప్తాయి. ఎలా బ్లాక్ చేయాలన్నది ఐఎస్పీల ఇష్టం. కొన్ని డీఎన్ఎస్ జవాబులు మార్చేస్తాయి. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు 2019లో జియో వేరే పద్ధతి వాడుతోందని చూపించారు. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు బ్రౌజర్ సైటు పేరుని ఎస్ఎన్ఐ అనే ఫీల్డ్‌లో తాళం లేకుండానే పంపుతుంది. జియో అక్కడ చూసి ఆపుతోంది. ఒక ఐఎస్పీ ఆపినది ఇంకో ఐఎస్పీలో తెరుచుకోవడం కూడా వాళ్లు గమనించారు.

దీనర్థం ఏంటంటే, డీఓహెచ్ ఆన్ చేసి ‘ఇక నన్నెవరూ చూడలేరు’ అనుకోవడం భ్రమ. అడ్రస్ గుసగుసగా కనుక్కున్నాం సరే, ఆ ఇంటి గేటు ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాం కదా! ఎస్ఎన్ఐ అదే. ఏ సందులోకి తిరిగామో కూడా కనిపిస్తూనే ఉంటుంది, ఐపీ అడ్రస్ రూపంలో. ఎస్ఎన్ఐని కూడా మూసే ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో అనే పద్ధతి 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలోకి వచ్చింది. సైటు కూడా దానికి ఒప్పుకుంటేనే పనిచేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే మొదట్లో డీఓహెచ్ ఆన్‌లో ఉండాల్సి వచ్చేది. అంటే డీఓహెచ్ ఒక్కటే కోట కాదు గానీ, దాని పునాదిరాయి అదే. అది లేకుండా మిగతావి కట్టలేం.

చట్టం సంగతికొస్తే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. మరోవైపు 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సర్వీసు ప్రొవైడర్లు, కంపెనీలు తమ సిస్టమ్ లాగ్‌లని 180 రోజులు భద్రపరచాలని ఆదేశించింది. హక్కు ఒక పక్కకి లాగుతోంది, లాగ్‌లు ఇంకో పక్కకి. మధ్యలో మన లుకప్‌లు. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి చోట నెట్ ఇచ్చేదే ప్రభుత్వ సంస్థ. అలాంటప్పుడు రిజాల్వర్ ఎవరిది, ఏం రాసుకుంటుంది అన్న ప్రశ్నకు ఇంకా బరువు పెరుగుతుంది. ఎవరో ఏదో చేస్తున్నారన్న అనుమానంతో అంటున్నది కాదు. పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య కొంత ఎడం ఉండాలన్న పాత సూత్రం ఇది.

మరి ఏం చేయాలి

ముందు టెక్నాలజీ వైపు ఒక మంచి కబురు. ‘తెలుసుకోకుండానే జవాబు చెప్పే’ పద్ధతి ఒకటుంది. పేరు ఆబ్లివియస్ డీఓహెచ్, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9230గా వచ్చింది. మన ప్రశ్నని కవర్లో పెట్టి అంటించి ఒక కుర్రాడి చేతికిస్తాం. కుర్రాడికి మనమెవరో తెలుసు, కవర్లో ఏముందో తెలీదు. కవరు విప్పేవాడికి ప్రశ్న తెలుసు, ఎవరు పంపారో తెలీదు. ఇద్దరూ కుమ్మక్కయితే తప్ప మొత్తం కథ ఎవరికీ తెలియదు. యాపిల్ తన ప్రైవేట్ రిలేలో దీన్ని వాడుతోంది. కేంద్రీకరణ భయానికి వాగ్దానాల కన్నా ఇది గట్టి జవాబు, ఎందుకంటే ఇక్కడ నమ్మకం అవసరాన్నే తగ్గించారు. బ్రౌజర్లు దీన్ని మామూలు జనానికి అందే డిఫాల్ట్‌గా తేవాలి. యూరప్ ఇంకో పని కూడా చేసింది. తమ చట్టాల కింద నడిచే డీఎన్ఎస్4ఈయూ అనే పబ్లిక్ రిజాల్వర్‌ని 2025లో తెరిచింది. మన ఐఎస్పీలు కనీసం తమ రిజాల్వర్లకైనా డీఓహెచ్ పెట్టి, లాగ్‌ల విధానం అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనూ రాసి పెడితే సగం గొడవ తగ్గుతుంది.

ఇక మన క్యాంపస్. కాలేజీ నెట్‌వర్క్ కాలేజీదే. మాల్‌వేర్‌ని ఆపే హక్కు, బాధ్యత రెండూ వాళ్లకున్నాయి. అందుకోసం సొంత రిజాల్వర్‌కే పంపమంటే నేను కాదనను. కానీ హాస్టల్ ఆఫీసు లాంటిది కాదు. అక్కడ మనం పనిచేయం, బతుకుతాం. నిద్ర రాని రాత్రులు, ఇంట్లో చెప్పుకోలేని సంగతులు అన్నీ ఆ వైఫై మీదే గడుస్తాయి. ఆఫీసు రూలు హాస్టల్‌కి మక్కీకి మక్కీ దించితే కుదరదు.

లైబ్రరీ దీనికి మంచి నమూనా. పుస్తకం మన దగ్గరున్నంతవరకు ఎవరు తీసుకున్నారో లైబ్రేరియన్‌కి తెలియాలి. తిరిగి ఇచ్చేశాక ‘నో డ్యూస్’కి కావాల్సింది బాకీ లేదన్న మాట ఒక్కటే, నాలుగేళ్లలో ఏమేం చదివామన్న చిట్టా కాదు. డీఎన్ఎస్ లాగ్ కూడా అలాగే ఉండొచ్చు. దొంగ డొమైన్ల జాబితాకి తగిలిన ప్రశ్నలని వేరుగా తీసి, విచారణకి కావాల్సినంత కాలం ఉంచండి. మిగతా మామూలు ప్రశ్నల నుంచి రోల్ నంబర్ తీసేయండి. చట్టం ప్రకారం ఉంచక తప్పనివి ఉంటే తాళం వేసి ఉంచండి. రాతపూర్వకమైన కారణం లేకుండా వాటిని వార్డెన్‌కి గానీ, హెచ్‌ఓడీకి గానీ, ఆఖరికి తల్లిదండ్రులకి గానీ చూపించకండి. దీనికి కొత్త బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. సెక్యూరిటీ మీద ఆసక్తి ఉన్న నలుగురు స్టూడెంట్స్‌కి ఒక మినీ ప్రాజెక్ట్‌గా ఇస్తే, లాగ్‌లోంచి రోల్ నంబర్లని ఏరి తీసేసే పని ఒక సెమిస్టర్‌లో చేసిపెడతారు.

చివరగా మనం. స్విచ్ నొక్కండి, నేనేం ఆపను. సొంత మొబైల్ డేటా మీద, ఇంట్లో వైఫై మీద తప్పకుండా నొక్కండి. కానీ నొక్కే ముందు ఏ రిజాల్వర్‌ని ఎంచుకుంటున్నారో ఐదు నిమిషాలు చదవండి. కంపెనీ ఎవరిది, ఏ దేశంలో ఉంది, లాగ్‌లు ఎంతసేపు ఉంచుతుంది, ఫిల్టర్ చేస్తుందా లేదా. సీనియర్ చెప్పిన నంబర్ కొట్టేసి వదిలేస్తే ఒక టీకొట్టు నుంచి ఇంకో టీకొట్టుకి మారినట్టే. క్యాంపస్‌లో అయితే నెట్‌వర్క్ రూల్స్ తెలుసుకుని, నచ్చకపోతే దొడ్డిదారి వెతకడం ఒక్కటే కాకుండా, వెళ్లి అడగండి కూడా. దొడ్డిదారి దొరికినవాడికి ఒక్కడికే లాభం. రూలు మారితే దారి తెలియని జూనియర్‌కి కూడా లాభం.

అడగాల్సినవి మూడే ప్రశ్నలు. మా లుకప్‌లలో ఏం రాసుకుంటున్నారు? ఎన్నాళ్లు ఉంచుతున్నారు? ఎవరికి చూపిస్తారు? కాలేజీ నెట్‌వర్క్ ఆఫీసుని, ఐఎస్పీని, క్లౌడ్‌ఫ్లేర్‌ని, గూగుల్‌ని, ప్రభుత్వాన్ని, అందర్నీ ఇవే అడగాలి. వీటికి సూటిగా రాతపూర్వకంగా జవాబిచ్చినవాళ్లనే దారి అడుగుదాం. మొదటి ఉత్తరం మన నెట్‌వర్క్ ఆఫీసుకే రాద్దాం. సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.